తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

అబద్ధాలు రాయడంలో నాకు కొంత అనుభవం ఉన్నది. కవిత్వం సంగతి కాదు. దాని జోలికి నేను పోను. విద్యార్థి మండలి సమావేశాల మినిట్సు సంగతి చెబుతున్నాను.

మా కాలేజీకి న్యాక్ వారు రావలసిన ఏడు అది, 2024. న్యాక్ అంటే తెలియని వారికి ఒక మాట: కాలేజీలు ఎట్లా నడుస్తున్నవో చూసి మార్కులు వేసే జాతీయ సంస్థ. మేము పిల్లలకు వేస్తాం, వారు మాకు వేస్తారు. వారి ప్రశ్నల్లో అయిదో అధ్యాయమంతా విద్యార్థులను గురించే. మీ కాలేజీలో విద్యార్థి మండలి ఉన్నదా, పాలనలో పిల్లలకు భాగం ఉన్నదా అని అందులో ఒక ప్రశ్న. ఉన్నదని జవాబు చెప్పాలి. చెప్పాలంటే మినిట్సు పుస్తకం చూపించాలి. పుస్తకం ఉన్నది గాని లోపల మినిట్సు లేవు. "తెలుగు మాస్టారు గదా, తీర్మానాలు అందంగా రాస్తారు" అని ఆ పుస్తకం నా బల్లమీద పెట్టిపోయారు.

రాశాను. ఒక్క రాత్రిలో మూడేళ్ళ సమావేశాలు జరిపించాను, మూడు రంగుల సిరాతో. "ప్రాంగణ సౌందర్యమును పెంపొందించుటకు తీర్మానించడమైనది." "పచ్చదనము, పరిశుభ్రతల విషయమై విద్యార్థులు తమ బాధ్యతను గుర్తెరిగి వ్యవహరింపవలెనని తీర్మానించడమైనది." నా భాష చూసి నాకే ముచ్చట వేసింది. మా ఆవిడ కాఫీ తెచ్చి, భుజం మీదుగా ఒక పేజీ చదివి, "ఈ పిల్లలెవరండీ, మరీ ఇంత బుద్ధిమంతులు?" అన్నది.

అక్కడితో పోయేదే. అయితే ఫొటో కావలసి వచ్చింది. రాతకు మాస్టరు చాలును గాని ఫొటోకు పిల్లలు ఉండాలి గదా! అందుచేత క్లాసుకు ఒకరు చొప్పున ఏడుగురిని పేర్లు చెప్పి పిలిపించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, ఫొటో తీయించాం. ఫొటో అయిన తర్వాత వాళ్ళు లేవలేదు. ఏదో సమావేశమన్నారు గదా, ఇక మొదలవుతుందనుకున్నారు పాపం. ఊరికే పొమ్మనడం బాగుండదని, "సరే, కాలేజీ బాగుపడడానికి మీరేం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగాను.

మగపిల్లలు నలుగురూ నాలుగు చెప్పారు. గేటు దగ్గర ఆర్చి, వైఫై, క్రికెట్టు మ్యాటు, ఫేర్‌వెల్‌కు డి.జె. నేను తలాడిస్తూ రాసుకున్నాను. ఫైనలియర్ అమ్మాయి ఒకతె మాట్లాడకుండా కూర్చున్నది. నల్లమల అంచున ఒక పల్లె నుంచి బస్సుమీద వచ్చే పిల్ల. అప్పటికింకా ఆడవాళ్ళకు ఉచిత బస్సు రాలేదు. అది 2025 ఆగస్టులో గదా వచ్చింది. పొద్దున 7 గంటలకు ఇల్లు కదిలితే మళ్ళీ గడప తొక్కేది సాయంత్రం 6 దాటాకనే. "నువ్వేమీ చెప్పవేమ్మా?" అంటే, తల వంచుకునే అన్నది:

"ఆ బాత్‌రూమ్ తాళంచెవి మా దగ్గర పెట్టించండి సార్. చాలు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆడపిల్లలకు మరుగుదొడ్లు ఉన్నవి. మంచి టైల్సు వేసి కట్టించినవే. అయితే పాడుచేస్తారని వాటికి తాళం వేసేవారు. చెవి అటెండరు దగ్గర. అటెండరు బ్యాంకుకో, ట్రెజరీకో, భోజనానికో వెళితే చెవి కూడా అతని జేబులో బ్యాంకుకూ, ట్రెజరీకీ, భోజనానికీ వెళుతుంది. అతడున్నప్పుడైనా, వరండాలో నలుగురు మగపిల్లలు నిలబడి ఉండగా వెళ్ళి, "అన్నా, తాళంచెవి" అని అడగాలి. ఎందుకని అతడు అడగడు గాని, అందరికీ తెలుసును గదా ఎందుకో. ఆ సిగ్గుకు మూడువంతుల మంది అడగనే అడగరు.

"మరి ఏం చేస్తారమ్మా?" అన్నాను.

"నీళ్ళు తాగం సార్."

ఆరేళ్ళుగా నేను ఆ కాలేజీలో పాఠం చెబుతున్నాను. మధ్యాహ్నం మూడో పీరియడుకు ఆడపిల్లలు తలనొప్పి అని బల్లమీద వాలిపోతుంటే, నా పాఠం మహిమ అనుకునేవాణ్ణి. మా పడమటి ప్రకాశంలో ఎండలు ఎట్లా ఉంటవో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లో పది పన్నెండు గంటలు గుక్కెడు నీళ్ళు తాగకుండా చదువుకుంటున్నారు. నెలసరి రోజుల్లో అసలు రానే రారు. హాజరు తక్కువైందని వాళ్ళమీద జరిమానా వేసే కాగితంపైన సంతకం పెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తల్లులారా, తండ్రులారా, మీ అమ్మాయి కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు ఎక్కడ పడేసి ముందు ఎటు పరుగెడుతున్నదో ఎప్పుడైనా గమనించారా? నాకూ ఒక కూతురున్నది. నేను గమనించలేదు.

ఆ రాత్రి నా మినిట్సు పుస్తకం తీసి మళ్ళీ చదువుకున్నాను. "పరిశుభ్రతల విషయమై" అన్న తీర్మానం దగ్గర ఆగిపోయాను.

విద్యార్థులకు తమ కాలేజీ వ్యవహారంలో పాలు ఉండాలా అన్న చర్చ మనకు కొత్తది కాదు. మా మేనమామ 1970ల్లో కాలేజీ యూనియన్ సెక్రటరీగా గెలిచాడు. ఆ ముచ్చట మా ఇంట్లో ప్రతి పండక్కీ వచ్చేది. జీపు, మైకు, రంగు కాగితాలు, గెలిచిన రాత్రి ఊరేగింపు. ఇంత చేసి ఏం సాధించావు మామా అంటే, "సైకిల్ స్టాండుకు రేకులు వేయించాను" అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ రేకుల కింద ఎన్ని వందల మంది సైకిళ్ళు ఎండకు టైర్లు పగలకుండా నిలిచినవో!

అయితే ఆ రోజుల్లో యూనియన్ ఎన్నికలంటే రేకుల షెడ్లొక్కటే కాదు. గ్రామాల్లోని కక్షలు, కులాలు, పార్టీలు కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చినవి. తలలు పగిలినవి. చివరకు 1988లో మన ప్రభుత్వం విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపివేసింది. నా చదువంతా ఆ తర్వాతే. విద్యార్థిగా ఒక్కసారి కూడా ఓటు వేయకుండానే ఎం.ఏ. పూర్తిచేశాను. తలలు పగలడం ఆగింది, నిజమే. దానితోపాటు రేకులు వేయించే సెక్రటరీ కూడా పోయాడు.

2006లో సుప్రీంకోర్టు, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనరు లింగ్డో గారి సంఘం చెప్పిన నియమాలు అమలు చేయమన్నది. ఒక్కొక్క అభ్యర్థి అయిదు వేలకు మించి ఖర్చు పెట్టకూడదు, అచ్చు పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసినవే అంటించాలి, హాజరు నూటికి 75 ఉండాలి. ఇట్లా ఉంటవి ఆ నియమాలు. చేత్తో రాసిన పోస్టరన్నది నాకు భలే నచ్చింది. కనీసం అక్షరాలైనా వస్తవి. హైదరాబాదు విశ్వవిద్యాలయం కేంద్రానిది గనక అక్కడ ఎన్నికలున్నవి. సుకూన్ అనే పెద్ద ఉత్సవాన్ని విద్యార్థి సంఘమే నడుపుతుంది. కేరళలో మామూలు కాలేజీల్లో కూడా యూనియన్‌కు ఎన్నికలు జరుగుతవి. అక్కడ కాలేజీ పత్రికకు సంపాదకుణ్ణి సైతం పిల్లలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. మా కాలేజీ పత్రికకు సంపాదకుడు ఎవరంటారా? మీరు ఊహించినది సరియే. పిల్లల కవితలు కూడా కొన్ని నేనే రాయవలసి వస్తున్నది.

ఇంకా వెనక్కి పోతే మరీ వింత. ఇటలీలో బొలోన్యా అని ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళనాటి విశ్వవిద్యాలయం ఒకటున్నది. మొదట్లో దాన్ని నడిపింది పంతుళ్ళు కాదు, పిల్లలు. దూరదేశాల నుంచి న్యాయశాస్త్రం చదవడానికి వచ్చినవారు సంఘంగా ఏర్పడి, తమలో ఒకణ్ణి పెద్దగా ఎన్నుకొని, పంతుళ్ళను తామే కుదుర్చుకునేవారు. పంతులు ఆలస్యంగా వస్తే జరిమానా. గంట కొట్టిన తర్వాత పాఠం సాగదీస్తే జరిమానా. మామూలు పాఠానికి అయిదుగురైనా రాకపోతే పంతులే రానట్టు లెక్కకట్టి జరిమానా! ఈ సంగతి స్టాఫ్‌రూములో చెబితే మా ఎకనామిక్సు మాస్టారు, "గట్టిగా అనకండి, కిటికీ తెరిచి ఉన్నది" అన్నారు.

మనకు బొలోన్యా అక్కరలేదు. నాకు తెలిసిన విద్యార్థి ప్రభుత్వం ఒకటున్నది. అది నేను ఎం.ఏ. చదివేటప్పటి హాస్టలు మెస్సు. డివైడింగ్ పద్ధతి అంటారు దాన్ని. నెలకింత అని ముందుగా కట్టేది ఉండదు. నెల పొడుగునా అయిన ఖర్చంతా కూడి, ఎందరు ఎన్ని రోజులు తిన్నారో దానితో భాగించి తలకింత అని వేస్తారు. నెలకు ఇద్దరు కుర్రాళ్ళు సరుకులు చూడాలి. ఒక నెల నా వంతు వచ్చింది. తెల్లవారుజామున వంటమనిషితో కూరగాయల మార్కెట్టుకు వెళ్ళడం, బియ్యం బస్తా తూయించడం, రాత్రి లెక్క రాయడం. మొదటివారం నూనె ఇట్లా ఎందుకు అయిపోతున్నదో తెలియలేదు. వంటవాళ్ళను అనుమానించాను. తీరా చూస్తే మా వాళ్ళే. ఆదివారం గదిలో ఆమ్లెట్లు వేసుకోవడానికి సీసాల్లో పట్టుకుపోతున్నారు! అందులో నా గదిలోవాడూ ఒకడు. రాత్రంతా వాడితో మాటల్లేవు. తెల్లవారి వాడే సీసా తెచ్చి వంటింట్లో పెట్టాడు. ఆ నెల బిల్లు తలకు 40 రూపాయలు తగ్గింది. అంతకన్నా గొప్ప పని నేను విశ్వవిద్యాలయంలో చేసినట్టు గుర్తులేదు, నా ఎం.ఏ. మార్కులు చూసినవారు ఈ మాట ఒప్పుకుంటారు.

ఆ లెక్కల పుస్తకం నా చేతికి ఇచ్చిన వార్డెను మళ్ళీ నెలాఖరుదాకా అడగలేదు. మధ్యమధ్య వచ్చి చూసి ఉంటే నేను తప్పకుండా ఆయనకోసం లెక్క రాసి ఉండేవాణ్ణి.

ఇది జ్ఞాపకం వచ్చింది తాళంచెవి విషయంలో. చెవి ఆడపిల్లల చేతికి ఇద్దామని నేను అనేసరికి స్టాఫ్‌రూములో ఎన్ని అభ్యంతరాలో! పోగొడితే? నీళ్ళు వదిలేసిపోతే? మన దగ్గర నీళ్ళ సంగతి అందరూ ఎరిగిందే. వెలిగొండ సొరంగాల మాట వింటూ పుట్టి పెరిగిన ప్రాంతం, వేసవి వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరుసలు కట్టే ఊళ్ళు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. చివరకు మా పెద్దాయన, "ఒక్క నెల చూద్దాం. ఏదైనా అయితే మీ పూచీ" అని నావైపు చూశారు. చూద్దాం అన్నమాట మన ఆఫీసుల్లో కాదనడానికి మర్యాదపేరు. అయినా నేను దాన్ని అవుననే అర్థం చేసుకున్నట్టు నటించి చెవి తెచ్చి ఆ అమ్మాయికి ఇచ్చాను.

ఆ తర్వాత జరిగినదానికి నేను తీర్మానాలు రాయలేదు. వాళ్ళే చేసుకున్నారు. వారానికి ఇద్దరి వంతు. చెవి లేడీస్ వెయిటింగ్ రూములో మేకుకు ఉంటుంది. సాయంత్రం ఆఖరి బస్సుకు ముందు వంతువాళ్ళు తాళంవేసి చూసుకోవాలి. మనిషికి నెలకు 10 రూపాయలు వసూలు. ఫినాయిలు, చీపుర్లు, సబ్బు, మూత ఉన్న డబ్బా, విడిగా ఒక పెట్టెలో నెలసరికి కావలసినవి. లెక్క ఎక్కడ రాయాలన్నది ఒక తగాదా. నోటుపుస్తకమైతే ఎవరో ఒకరి సంచిలో ఉంటుంది, అందరికీ కనిపించదు. ఒక పిల్ల తండ్రి పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ అమ్మాయి మూరెడు వెడల్పు పలకరాయి ఒకటి మోసుకొచ్చింది. మార్కాపురం పలకమీద ఒకప్పుడు దేశంలో ఎందరు పిల్లలు ఓనమాలు దిద్దారో! ఇప్పుడు ఆ రాయి గోడలకూ గచ్చుకూ పోతున్నది. ఆ పలకను గోడకు ఆనించి సుద్దతో రాశారు: వచ్చినది ఇంత, అయినది ఇంత, ఉన్నది ఇంత.

అంతా సవ్యంగా జరిగిందని చెబితే అది మళ్ళీ మినిట్సు రాసినట్టవుతుంది. రెండోవారంలోనే మగ్గులు రెండు మాయమైనవి. పలకమీద "మగ్గు తీసుకున్నవారు తెచ్చి పెట్టగలరు" అని రాశారు. మూడురోజులు చూసి, "గలరు" కొట్టేసి "పెట్టండి" అని దిద్దారు. ఒకటి వచ్చింది. ఒకసారి చెవి నిజంగానే పోయింది. ఆ పూట ఎవరి ముఖాన నెత్తురుచుక్క లేదు, నాతో సహా. తాళం పగలగొట్టి కొత్తది కొన్నారు. 180 రూపాయలు పలకమీదికి ఎక్కినవి. డబ్బు కట్టలేని పిల్లల పేర్లు రాయాలా వద్దా అని ఒకరోజంతా వాదులాడుకొని, వద్దనుకున్నారు. ఆ నిర్ణయం నేను చేసి ఉంటే ఏమి చేసేవాణ్ణో చెప్పలేను. మా ఫీజు బాకీల జాబితా నోటీసుబోర్డుమీద పేర్లతోనే ఉంటుంది.

మగపిల్లలకు మొదట ఇది వేళాకోళంగా ఉండేది. తర్వాత కొంచెం అసూయ పట్టుకున్నది. ఆర్చి అడిగిన కుర్రవాడే, "మాకూ ఏదైనా అప్పజెప్పండి సార్" అని వచ్చాడు. తాగే నీళ్ళ డ్రమ్ము అప్పజెప్పాం. ఆడపిల్లలు నీళ్ళు తాగడం మొదలుపెట్టేసరికి డ్రమ్ము మధ్యాహ్నానికే ఖాళీ అవుతున్నదని అతడే వచ్చి చెప్పాడు. ఎందుకో అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

నాలుగు నెలలు నడిచింది. మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోయారు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి చెవి మళ్ళీ అటెండరు జేబులో ఉన్నది. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ అడగలేదు, అంతే.

విద్యార్థుల పనుల్లో ఉన్న కష్టమంతా ఇక్కడే. మాస్టరు ముప్ఫై ఏళ్ళుంటాడు, పిల్ల మూడేళ్ళుంటుంది. మొదటి ఏడు దారి తెలియదు, రెండో ఏడు తెలుస్తుంది, మూడో ఏడు పరీక్షలు. మా కంభం చెరువు విజయనగర రాజుల కాలంనాటిది. 2020లో దానికి అంతర్జాతీయ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. కట్టించిన రాణి పేరు వరదరాజమ్మ అని అందరూ చెబుతారు. తూము దగ్గర కూర్చుని ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసిన నీరుగంట్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఒక నీరుగంటి పోతే మరొకడు వచ్చాడు గనక చెరువు నిలిచింది. మా కాలేజీలో కట్టించినవారి పేరు శిలాఫలకం మీద ఉన్నది. తూము చూసేవాళ్ళు మాత్రం ఏటా వెళ్ళిపోతారు.

ఎన్నికలు మళ్ళీ పెట్టాలా అని నన్నడిగితే, పెట్టాలనే అంటాను. కాని తాళంచెవీ, పది రూపాయల లెక్కా లేని పదవికి ఎన్నిక పెడితే మిగిలేవి జీపూ మైకూ. ఇప్పుడున్న నిబంధనల్లోనే సందు లేకపోలేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో, విషయం విద్యార్థులదైనప్పుడు ముగ్గురు విద్యార్థులు ఉండాలి, వారిని ఎన్నుకోవాలి అని యు.జి.సి. 2015లోనే చెప్పింది. ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఒక విద్యార్థిని పిలవాలని 2023లో చెప్పింది. మీ పిల్లల కాలేజీలో వాళ్ళెవరో కనుక్కోండి. పేర్లు ఉంటవి. ఆ పేర్లుగలవాళ్ళకు ఆ సంగతి తెలుసునేమో కూడా కనుక్కోండి.

జూన్ వెళ్ళి, జులై వచ్చింది. నేను ఏమీ చేయలేదు. చేద్దామనుకున్నాను, అడ్మిషన్ల పనిలో పడ్డాను. ఒకరోజు ఫస్టియర్ అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, మా అక్క పోయినేడు ఇక్కడ చదివింది. ఇక్కడ ఒక పలక ఉండాలంట. ఏదండీ?"

వెతికాం. స్టోరురూములో, న్యాక్ ఫైళ్ళ కట్టల కింద దొరికింది. సుద్ద ఇంకా చెరగలేదు. వచ్చినది, అయినది, అన్నిటి కిందా "ఉన్నది: 37 రూ." అని.

ఆ పిల్ల దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, "ఈ 37 రూపాయలు ఎవరి దగ్గర ఉన్నయ్ సార్?" అన్నది.

నా దగ్గరే ఉన్నవి. వెళ్ళిపోయేరోజు ఆ ఫైనలియర్ అమ్మాయి కవరులో పెట్టి నాకిచ్చిపోయింది. బల్లసొరుగులో వేసి మరచిపోయాను. తీసి ఇచ్చాను. ఆమె చిల్లర లెక్కపెట్టుకొని, నోటుబుక్కులో ఒక కాగితం చింపి, తేదీ వేసి, నాచేత సంతకం పెట్టించుకున్నది. తర్వాత అటెండరు కోసం వరండాలోకి వెళ్ళింది.